ఎగుడుదిగుడు బాటలలో ఫ్రాన్సు పల్లెసీమ

ఫ్రాన్సు దేశపు బాటలను చూపు మిషెలిన్ వారి పటములందు అక్కడక్కడ చిన్న బాణపు గురుతులు కనబడును. ఒక్క బాణమున్నచో ఆ బాటకు నూటికి అయిదు మొదలు తొమ్మిది వరకు వాలు కలదని యర్థము; రెండున్నచో తొమ్మిది మొదలు పదమూడు; మూడున్నచో అంతకు మించినది. బాణపు మొన ఎల్లప్పుడును ఎగువ దిక్కునకే తిరిగియుండును. మోటారుకారులో పోవువాడు ఈ గురుతులను చూచియు చూడనట్లే సాగిపోవును. సెలవులను సైకిలుపై గడప నెంచినవాడు మాత్రము రాత్రి బసలో ఆ పటమును దీపము క్రింద పరచుకొని, జాతకచక్రమును పరిశీలించు దైవజ్ఞునివలె, ఒక్కొక్క బాణమునే లెక్కించుకొనును. మరునాటి యతని సుఖదుఃఖములు చాలవరకు వానియందే యిమిడియున్నవి.

నూటికి అయిదు అనగా నూరు మీటర్లు ముందునకు పోవుటలో అయిదు మీటర్లు పైకి లేచుట. చెవికిది స్వల్పముగనే వినబడును. కాని అట్టి బాట పది కిలోమీటర్లు సాగినచో అయిదువందల మీటర్లు ఎక్కవలసివచ్చును. మనిషి, బండి, వెనుక వ్రేలాడు రెండు సంచులు, గుడారము కలిసి సుమారు నూరు కిలోల బరువు. ఆ బరువునంతటిని పిక్కల బలముతోడనే అంత ఎత్తునకు చేర్చవలెను. గంటకు ఏడు కిలోమీటర్ల చొప్పున పోయినను అందుకు ఇంచుమించు గంటన్నర పట్టును. ఆవలి ప్రక్క అంతే దూరము దిగుటకు పావుగంట చాలును. సంపాదన గంటన్నర, వ్యయము పావుగంట! ఈ లెక్క తెలిసియు ఏటేట వేలాదిమంది ఆ బాటలకే పోవుచున్నారన్నచో, లెక్కకు లొంగని దేదియో అందున్నదని యొప్పుకొనవలసినదే.

పటమును చూచువానికి ఫ్రాన్సు పడమరను, ఉత్తరమును చదునుగ నుండి, నడుమ మాసిఫ్ సెంత్రాల్ అను ప్రాచీన పీఠభూమిగ లేచి, తూర్పున ఆల్ప్స్ పర్వతములుగను, దక్షిణపు టెల్లలో పిరెనీస్ పర్వతములుగను ముగియునట్లు తోచును. సైకిలుపై పోవువానికి నిజమైన చదును మిక్కిలి యరుదు. అచ్చటి సైకిలు బాటసారులకు "ఫో ప్లా" అను మాట యొకటి కలదు. అబద్ధపు చదునని దాని యర్థము. కంటికి సమతలమై కనబడుచు, కాలికి మాత్రము ఎగువయని తెలియవచ్చు బాటకు ఆ పేరు. కన్ను చెప్పిన యబద్ధమును పిక్క పట్టియిచ్చునన్నమాట. నిఘంటుకర్తలు గదిలో కూర్చుండి ఇట్టి పదమును కల్పింపజాలరు.

ఫ్రాన్సు పల్లెలను సైకిలుపై చూడవచ్చునని గ్రంథరూపమున చాటిన తొలివారిలో పెన్నెల్ దంపతులు ఎన్నదగినవారు. అమెరికాలో పుట్టి లండనులో కాపురముండిన ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్ రచయిత్రి. భర్త జోసెఫ్ చిత్రకారుడు. 1885లో వీరు ఇద్దరు కలిసి త్రొక్కు మూడుచక్రముల బండిపై కలే రేవునుండి దక్షిణమునకు బయలుదేరిరి. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల రచయిత లారెన్స్ స్టెర్న్ పోయిన దారినే పోవలెనని వారి సంకల్పము. స్టెర్న్ తన యాత్రకు "సెంటిమెంటల్" అను విశేషణమును తగిలించియుండెను. 1888లో అచ్చైన తమ పుస్తకమునకు దంపతులును ఆ పేరునే గ్రహించిరి. కాని ఆ పుస్తకమున సుకుమారభావములతో పాటు ఎదురుగాలియు గొప్ప చోటునే యాక్రమించినది. ల్వార్ నదీతీరమునకు చేరులోపల ఆ గాలితో వారు చేసిన పోరు ఒక ప్రకరణమునకు సరిపోయినది. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి తరలిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ఏ మజిలీకి బాట యెట్టిదో, నీటివసతి యెట్టిదో వ్రాయుచు పోయెను. బాటకు దగ్గరగ మెలగినవారి కలము, ఏ దేశమందైనను, ఇట్టి వివరములకే మరలును కాబోలు.

ఈ విహారమునకు ఒక విధమైన శాస్త్రమును, దానితో పాటు ఒక నీతిని ఏర్పరచినవాడు పాల్ ద వివీ. 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్-లె-ఫోంతేన్ అను ఊర పుట్టి, సెంతెత్యెన్ పట్టణమున పట్టువ్యాపారము చేసి, నడివయసున దానిని విడిచి సైకిళ్ళ వ్యాపారమున ప్రవేశించెను. 1887లో ఒక సైకిలు పత్రికను స్థాపించి "వెలోసియో" అను పేరుతో జీవితాంతము వ్రాసెను. అతడు శాకాహారి; ఎస్పరాంతో భాషాభిమాని. బాటసారులకు అతడు విధించిన నియమములు మన పెద్దలు చెప్పు పథ్యములవలె నుండును. ఆకలి పుట్టకమున్నే తినవలెను, దప్పి కాకమున్నే త్రాగవలెను. అన్నము రుచింపక, నిద్ర పట్టక పోవునంతటి యలసటను కొనితెచ్చుకొనరాదు. దారిలో మద్యమాంసములను, పొగాకును మానవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, గొప్పకొరకు పెడలు త్రొక్కరాదు.

ఈ కడపటి నియమము పైపైన చెప్పినది కాదు. ఆ దినములలో సైకిలునకు వెనుక ఒకే పళ్ళచక్రముండెడిది. చదునున నడచుటకు ఏర్పరచిన ఆ పళ్ళతోడనే కొండను ఎక్కవలెను. ఎక్కలేనివాడు దిగి నడవవలెను. వెలోసియో ఇందుకు సమ్మతింపలేదు. ఎగువకొకటి, దిగువకొకటిగ పళ్ళచక్రములను మార్చుకొనుటకు వీలగు గేర్ల కొరకు పాటుపడి, తానే ప్రయోగములు చేసి, వానిని తన బండిపై ఎక్కించి, సెంతెత్యెన్‌కు పైనున్న 1161 మీటర్ల కనుమపై మాటిమాటికి పరీక్షించెను.

విద్యార్థులు దీనిని కాగితముపై గణించి చూడవచ్చును. పెడలు వద్ద 48 పళ్ళు, వెనుక 16 పళ్ళు ఉన్నచో పెడలు ఒక్క చుట్టు తిరుగులోపల వెనుక చక్రము మూడు చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెము హెచ్చు గనుక బండి ఆరు మీటర్లకు పైగా సాగును. ముందు 28, వెనుక 28 పళ్ళపై గొలుసును వేసినచో చుట్టునకు చుట్టే. సాగునది రెండు మీటర్లే. దూరము మూడవ వంతైనది. ఒక్కొక్క త్రొక్కుటలో కాలిపై పడు భారమును మూడవ వంతైనది. మొత్తముమీద చేయవలసిన పని తగ్గలేదు. పెద్ద ముద్దను చిన్న కబళములుగ చేసి పెట్టినట్లు, దానిని మ్రింగుటకు వీలగు ముక్కలుగ విరిచినది గేరు.

ఇంత సులభమైన సంగతికి ఎదురు లేకపోలేదు. 1903లో తూర్ ద ఫ్రాన్స్ పందెమును ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్‌కు గేరు అనగా గిట్టదు. నలువదియైదేండ్లు దాటినవారికే అది తగునని అతడు పరిహసించెను. కండబలముతో గెలుచుటయే గెలుపు, యంత్రోపాయముతో గెలుచుట గెలుపు కాదని అతని మతము. 1937 వరకు అతని పందెమున గేరుమార్చు సాధనమునకు ప్రవేశము లేకపోయెను. కష్టమునే గొప్పదనముగ భావించు ఆ మతము ఎంత దూరము పోయినదో 1913 నాటి యొక ఘటన తెలుపును. ఎజెన్ క్రిస్తోఫ్ అను పందెగాడు పిరెనీస్ పర్వతములలో 2115 మీటర్ల తూర్మలే కనుమ దిగుచుండగ బండి ముందరి కొమ్మ విరిగినది. పరుల సాయము పొందరాదని నియమము. అతడు బండిని మోసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సేంత్-మరీ-ద-కంపాన్ అను పల్లెలో కమ్మరి కొలిమిని చేరి, పందెపు అధికారులు కన్నార్పక చూచుచుండగ, తన చేతులతో తానే ఇనుమును కాచి అతుకుకొనెను. అయినను అతనికి శిక్ష తప్పలేదు. ఒక బాలుడు కొలిమితిత్తి ఊదినాడట! అది పరుల సాయమేనని కాలము వడ్డించిరి. ఆ కొలిమి గోడపై నేడొక స్మారకఫలకము కలదు. దానిముందు నిలిచి చదువు సైకిలు విహారికి, ఆ బాలుని పక్షమున వాదింపవలెనని తోచక మానదు. ఏలనన విహారియాత్ర అంతయు అట్టి బాలుర దయమీదనే నడచును. పంక్చరు పడినపుడు తొట్టిలో నీరు పోసి యిచ్చు ఇల్లాలు, తప్పిన దారిని చేతితో చూపు రైతు, వానలో కొట్టమున చోటిచ్చు వృద్ధుడు, వీరు లేనిదే ఆ యాత్ర లేదు. వెలోసియో, దెగ్రాంజ్‌ల వివాదము నేటికిని ముగియలేదు. విద్యుత్తు సాయముతో నడచు సైకిళ్ళు వచ్చిన పిమ్మట అదే తర్కము క్రొత్త గొంతుతో వినబడుచున్నది. అరువదియేండ్ల దంపతులు ఆ బండ్లపై కనుమ నెక్కి కొండగాలి పీల్చుచుండగ, ఇది మోసమని గొణుగు యువకులకు వెలోసియో కడపటి నియమమును వినిపింపవచ్చును.

బాటపై ఒక దినము ఎట్లు గడచునో చెప్పుకొందము. సైకిలువాని కాలము సూర్యునితో గాక రొట్టెల దుకాణముతో నడచును. ఉదయమున ఆ దుకాణము తెరచియుండగనే పొడవాటి బగెత్ రొట్టె కొని సంచికి అడ్డముగ కట్టుకొనవలెను. పండ్రెండు కొట్టినచో పల్లెయంతయు భోజనమునకు తలుపులు మూయును. రెండు గంటలు, ఒక్కొక్కచోట మూడు గంటలు, వీథిలో పిల్లి తప్ప మరియొక ప్రాణి కదలదు. ఆదివారము మధ్యాహ్నము, సోమవారము సంగతి చెప్పనక్కరలేదు. ముందుచూపు లేనివాడు ఆకలికి చిక్కును. సైకిలు ఆకలి సాధారణమైన యాకలి కాదు. కడుపునకంటె ముందు కాళ్ళకు తెలియును. చేతులు వణకును, కోపము వచ్చును, భార్యాభర్తలు పటమును గూర్చి కలహింతురు. ఒక అరటిపండు తిన్న పావుగంటకు ఆ కలహకారణము ఏదియో ఇరువురకు గుర్తుండదు.

నీటి సంగతి మనవారికి వింతగ తోచును. పల్లెలో కొళాయి కనబడనిచో అనుభవశాలియగు విహారి శ్మశానమునకు పోవును. సమాధులపై పూలకుండీలకు నీరు పోయుటకై అచ్చట సాధారణముగ కొళాయి యుండును. త్రాగుటకు పనికిరాని నీరైనచో ఆ మాట తరచుగ పలకపై వ్రాసియుండును. దప్పికగొన్నవాడు శ్మశానవాటికను వెదకికొనుచు పోవుట మన కవులకెవ్వరికిని తట్టని కల్పన.

బుడ్డి నింపుకొని మరల ఊరి నడుమకు వచ్చి అతడు చెట్టునీడకు చేరునప్పుడు, తరచుగ ఆ నీడలోనే ఒక రాతిస్తంభముండును. ఫ్రాన్సున సుమారు 35 వేల గ్రామ పురపాలికలు కలవు. దాదాపు ప్రతిదానియందును 1914-1918 యుద్ధమున మరణించినవారి పేర్లు చెక్కిన స్మారకమున్నది. ఆ యుద్ధమున ఫ్రాన్సు సుమారు 14 లక్షల సైనికులను కోల్పోయినది. చరిత్ర పుస్తకమున ఆ సంఖ్య చదివినవాడు పుట త్రిప్పును. రొట్టె తినుచు ఒక చిన్న పల్లెలో ఆ పేర్లను వరుసగ చదివినవాడు అంత సులభముగ లేవలేడు. ఎదుట కనబడు ఇండ్లు లెక్కకు ఇరువది. రాతిపై పేర్లు ముప్పదియు ఉండవచ్చును. ఒకే ఇంటిపేరు మూడుమారులు వచ్చినచో, వారు అన్నదమ్ములో, జ్ఞాతులో రాయి చెప్పదు. రైలులో పోవువానికి, కారులో పోవువానికి ఈ పుట తెరువబడదు. సైకిలుపై పోవువాడు అలసి ఆగును గనుక చదువును.

అలసిన శరీరమునకు దేశము కనబడునన్నది నిజమైనచో, ఆ యలసటను కోరి పొందుటకు తీరిక యుండవలెను గదా. ఆ తీరిక ఫ్రాన్సున చిరకాలము కొందరి సొత్తుగనే యుండెను. 1936 జూన్ 20 నాటి చట్టము ఆ స్థితిని మార్చినది. లెయోన్ బ్లూమ్ ప్రధానిగనున్న ప్రభుత్వము కార్మికులకెల్ల ఏటికి రెండు వారములు జీతముతో కూడిన సెలవులను హక్కుగ నొసగెను. క్రీడావిరామముల శాఖను చూచుచుండిన లెయో లగ్రాంజ్ రైలుచార్జీలో నూటికి నలువది తగ్గింపుగల టికెట్లను ఏర్పరచెను. ఆ వేసవిలో లక్షలమంది రైళ్ళెక్కిరి. రైలుటికెట్టు కూడ బరువైనవారు సైకిలెక్కిరి. భర్త ముందు, భార్య వెనుక కూర్చుండి త్రొక్కు జంటసైకిలు ఆ వేసవికి గురుతై నిలిచినది. బరువులు మోసి, మరలు బిగించి అలసిన దేహములు జీవితమున మొదటిమారు తమ యిష్టము వచ్చినంతే అలసినవి. తమ దేశమున సముద్రమున్నదని పాఠమున చదివినవారు దానిని కన్నులార చూచిరి.

నాలుగేండ్లకే, 1940 జూన్ నెలలో, జర్మను సేనలకు భయపడి ఉత్తరమునుండి దక్షిణమునకు పారిపోవు జనముతో అవే బాటలు నిండినవి. బండ్లలోను, కాలినడకను, అవే సైకిళ్ళపైనను పరుపులు, పిల్లలు, పంజరములు కట్టుకొని పోయిరి. సైనికుడై పోరాడుచు లగ్రాంజ్ ఆ నెలలోనే మరణించెను. చట్టము మాత్రము నిలిచినది. రెండు వారములు 1956లో మూడు, 1969లో నాలుగు, 1982లో అయిదు అయినవి.

కొండలను తప్పించుకొనగోరువారికి నేడు నదీతీరముల వెంట బాటలున్నవి. ల్వార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిలుబాట కలదు. నది పల్లమునకు పారును గనుక దానితో పోవుట సుఖమని అనేకులు తూర్పునుండి సముద్రము వైపునకు బయలుదేరుదురు. ప్రకృతి ఇక్కడ ఒక పరిహాసమాడినది. ఆ ప్రాంతమున గాలి ప్రధానముగ పడమటి సముద్రమునుండి వీచును. నీరు తోడు వచ్చుచుండగ గాలి ఎదురు వచ్చును. కొండ యెక్కువాడు శిఖరమును చూచి ధైర్యము తెచ్చుకొనును. ఎదురుగాలికి శిఖరము లేదు.

దక్షిణమున తులూజ్‌నుండి మధ్యధరా తీరము దిక్కునకు పోవు మిది కాలువ మరియొక సుఖమార్గము. పియెర్-పోల్ రికే అను నతడు 1666లో ప్రారంభించి తన ధనమును, ఆయువును దానిలో పోసి, 1681లో అది తెరువబడుటకు కొలది నెలలకు ముందు కన్నుమూసెను. సుమారు 240 కిలోమీటర్ల ఈ కాలువ ఎక్కు మెట్టంతయు కలిసి సముద్రమట్టమునకు 189 మీటర్ల ఎత్తుననున్న నోరూజ్ వద్ద ముగిసి, అచ్చటినుండి దిగును. నీటిని ఎగువకు నడపిన యా మేధావికి సైకిలువారు ఋణపడియున్నారు. గట్టు బాటపై నీడనిచ్చు ప్లేన్ చెట్ల వరుసలు చిత్రకారులకు ప్రాణము. 2006లో ఒక బూజుతెగులు వానిని సోకినట్లు గుర్తించిరి. అది పట్టిన చెట్టు బ్రతుకదు. వేలకొలది చెట్లను నరికి కాల్చవలసివచ్చినది. ఇతర జాతుల మొక్కలను నాటుచున్నారు. నేడు ఆ గట్టుపై పోవువానికి కొంతదూరము పచ్చని పందిరి, పిమ్మట మండుటెండ, మరల పందిరి. వేళ్ళు పైకితేలిన మట్టిబాట ఎముకలను కదల్చును. చదునుబాటయైనను సుఖబాట కాదని అప్పుడు తెలియును.

పల్లెలకును ఎత్తుపల్లములు తప్పలేదు. జనము పట్టణములకు పోగా అనేక గ్రామములందు కాఫీశాల మూతపడినది, బడి మూతపడినది, కడపట రొట్టెల దుకాణమును మూతపడినది. 2022లో యునెస్కో బగెత్ రొట్టె చేయు నేర్పును మానవజాతి వారసత్వమున చేర్చి గౌరవించినది. కొన్ని పల్లెలలో ఆ రొట్టె నాణెము వేసినచో యంత్రమునుండి వెలువడుచున్నది. ఆకలిగొన్న విహారి ఆ యంత్రమునకు కృతజ్ఞుడే. కాని దానిని దారి యడుగలేడు.

ఎక్కుట, దిగుట అను మాటల నిండైన యర్థము తెలియవలెనన్నచో మాసిఫ్ సెంత్రాల్‌కు చెందిన దక్షిణభాగముననున్న తార్న్ నదీప్రాంతమునకు పోవలెను. అచ్చట సున్నపురాతి పీఠభూములను "కోస్" అందురు. సోవ్‌తెర్ కోస్‌పై నీటిచుక్క నిలువదు. గొర్రెల మందలు, రాళ్ళకుప్పలు, ఆకాశము. గంటల తరబడి సాగిన ఆ బాట ఉన్నట్లుండి అంచునకు చేరును. క్రింద, సుమారు అయిదువందల మీటర్ల లోతున, సేంత్-ఎనిమి గ్రామపు కప్పులు, వాని ప్రక్క తార్న్ నది. బాట వంకలు తిరుగుచు దిగును. చేతులు బ్రేకులపై బిగిసి తిమ్మిరెక్కును. చెమట చల్లారి వణకు పుట్టును. పూర్వపు పందెగాండ్రు దిగుటకు ముందు బాట ప్రక్కనున్నవారినడిగి వార్తాపత్రికను తీసికొని చొక్కా లోపల రొమ్మునకు అడ్డముగ పెట్టుకొనెడివారు. నేటి విహారికి అందుకు గాలిచొరని చొక్కా కలదు. పావుగంటలో అతడు నదిని చేరును. నీరు పచ్చగ, రాళ్ళు కనబడునంత తేటగ నుండును. కాళ్ళు కడుగుకొని, రొట్టెలో మిగిలినది తిని తలయెత్తి చూచునప్పటికి, వంతెనకు ఆవల మెజాన్ కోస్ గోడవలె నిలిచియుండును. దిగిన అయిదువందల మీటర్లును అక్కడ తిరిగి యెక్కవలెను. వేరు దారి లేదు. అతడు నీటిబుడ్డిని నింపుకొని, వంతెన మీదనే గొలుసును వెనుకనున్న పెద్ద పళ్ళచక్రముపైకి మార్చి, నెమ్మదిగ మొదటి వంక తిరుగును.